కాస్మా లోయలో నాలుగు రోజులు: సెర్రో సెచిన్ రాతిగోడ

పెరూ వెళ్లిన మనవాళ్లలో ఎక్కువమంది కుస్కో, మాచు పిచ్చు చూసుకుని వెనక్కి తిరుగుతారు. ఇన్కాల రాజ్యం లేవడానికి దాదాపు మూడువేల ఏళ్ల ముందే ఆ దేశపు సముద్రతీర ప్రాంతంలో కట్టిన గుడి ఒకటుంది, పేరు సెర్రో సెచిన్. దాని గోడ చుట్టూ తెగిన తలలు, నరికిన చేతులు, నడుము దగ్గర రెండైన ఒళ్లు, బయటపడ్డ పేగులు. వాటి మధ్య ఆయుధం పట్టి నడిచే యోధులు. క్రీ.పూ. 1600 ప్రాంతంలో చెక్కిన రాళ్లివి, మూడు వందలకు పైగా ఉన్నాయి. చాలావరకు నిలబెట్టిన చోటే నిలబడి ఉన్నాయి. తిరిగొచ్చి వారం కాలేదు. ధరలు, దారులు, ఏ గోడ మీద ఎప్పుడు ఎండ పడుతుందో మరిచిపోకముందే ఇది రాసిపెట్టాలి. ఎందుకంటే చాలామంది రెండు బస్సుల మధ్య దొరికిన గంటలో ఈ గోడ చూసి, భయంకరంగా ఉందనుకుని వెళ్లిపోతున్నారు. గంటలో అది కనపడే గోడ కాదు.

శనివారం: లీమా నుంచి కాస్మా

లీమా నుంచి ఉత్తరంగా పాన్-అమెరికానా రహదారి మీద 370 కిలోమీటర్లు. బస్సులో దాదాపు ఆరు గంటలు. ఎడమ పక్కన పసిఫిక్ సముద్రం, కుడి పక్కన గడ్డిపరక మొలవని ఇసుక కొండలు. ఆండీస్ నుంచి ఏరు దిగివచ్చిన చోట మాత్రం ఉన్నట్టుండి చెరకు, మొక్కజొన్న, మామిడి తోటలు కనిపిస్తాయి. నాలుగు నిమిషాల్లో అవి అయిపోయి మళ్లీ ఎడారి. ఈ తీరంలో మనుషులు ఎప్పుడు బతికినా ఆ పచ్చటి చీలికల్లోనే బతికారు. కాస్మా, సెచిన్ అనే రెండు ఏరులు కలిసే చీలికలో ఉంది ఈ పట్టణం.

కాస్మాని అక్కడివాళ్లు నిత్యం ఎండ కాసే ఊరని పిలుచుకుంటారు. లీమాలో నెలల తరబడి కమ్ముకునే మంచుమబ్బు ఇక్కడికి అంతగా రాదు. పాత కట్టడాలు మాత్రం వెతక్కండి. 1970 మే 31న వచ్చిన పెద్ద భూకంపం ఊరిని నేలమట్టం చేసింది. ఇప్పుడున్నది ఆ తర్వాత కట్టుకున్న ఊరు. నాలుగు వీధులు, ఒక చౌరస్తా, దాని చుట్టూ అంగళ్లు.

బస్సు దిగగానే కనిపించేవి మనం బాగా ఎరిగిన ఆటోలే. మోటోటాక్సీ అంటారు, అందులో సగానికి సగం బజాజ్. 'టోరిటో', అంటే చిన్న కోడె, అన్న పేరుతో అమ్ముతారట. ఊళ్లో ఎక్కడికైనా రెండు మూడు సోలెస్. ఒక సోల్ మన పాతిక రూపాయల దగ్గర్లో ఉంది. ఎక్కకముందే ధర అడిగి ఖాయం చేసుకోవాలి, మీటర్లు లేవు. వంద సోలెస్ నోటు తీస్తే ఆటోవాడి దగ్గరా, చిన్న అంగట్లోనూ చిల్లర ఉండదు. అంచు చిరిగిన నోటు ఎవరూ పుచ్చుకోరు, వెలుతురుకి ఎత్తి చూసి తిరిగిచ్చేస్తారు. అందుకని లీమాలోనే పది, ఇరవై నోట్లు, కొన్ని నాణేలు తీసిపెట్టుకోండి.

మర్యాద సంగతి ఒకటి. అంగట్లోకి వెళ్లి నేరుగా "ఇదెంత?" అని అడిగితే ముఖం చిట్లించుకుంటారు. ముందు "బ్వెనాస్ తార్దెస్" అనాలి, అవతలి నుంచి అదే మాట వచ్చాక బేరం. హోటల్లో పక్క బల్ల దాటి వెళ్లేటప్పుడు తింటున్న వాళ్లతో, ముక్కూ మొహం తెలియకపోయినా, "ప్రొవేచో" అంటారు. సుఖంగా భోంచేయండి అని. రెండో రోజుకల్లా మన నోటికీ అది పట్టుబడిపోతుంది.

ఆదివారం: సెర్రో సెచిన్, నడినెత్తిన ఎండలో

ముందు దారి తప్పే చోటు చెప్పాలి. ఆటోవాడితో వట్టి "సెచిన్" అనకండి. ఈ లోయలో సెర్రో సెచిన్, సెచిన్ ఆల్తో, సెచిన్ బాహో అని మూడు పురాతన స్థలాలున్నాయి, ఏరు పేరూ సెచినే. వట్టి పేరు చెప్పినందుకు బండి ఏటి వెంబడి మొక్కజొన్న చేల మధ్యకి పోయింది. ముప్పావుగంట, అదనంగా అయిదు సోలెస్ దండగ. "ముసేయో, మాక్స్ ఊలె" అనండి, అంటే స్థలం పక్కనున్న మ్యూజియం. అప్పుడు దారి తప్పదు. ఊరి నుంచి అయిదు కిలోమీటర్లే. పాన్-అమెరికానా మీద దక్షిణంగా మూడు, అక్కడ ఎడమకి తిరిగి ఉవారాస్ అనే ఊరికి పోయే రోడ్డు మీద రెండు. వెళ్లడానికి ఎనిమిది సోలెస్. తిరుగు బండి దొరకడం కష్టం కాబట్టి ఇన్నింటికి రమ్మని చెప్పి, డబ్బులు సగమే ఇచ్చి పంపండి. లేదంటే పెద్దరోడ్డు దాకా ఆ రెండు కిలోమీటర్లు నడవాలి. మధ్యాహ్నం దాటాక సముద్రం వైపు నుంచి గాలి లేచి ఇసుక కళ్లలో కొడుతుంది.

టికెట్ ఆరు సోలెస్. తాగునీళ్లు, టోపీ మీవే తెచ్చుకోండి, లోపల నీడ తక్కువ. గోడకి కొన్ని అడుగుల దూరంలో తాడు కట్టి ఉంటుంది, అది దాటనివ్వరు. చిన్న దూరదర్శిని గానీ, మంచి జూమ్ ఉన్న ఫోన్ గానీ లేకపోతే సగం వివరం కంటికి అందదు.

ఒక నల్లరాతి కొండ, దాని ఉత్తరపు పాదం దగ్గర గుడి. ఒక్కో పక్క యాభై మీటర్లకు పైగా ఉన్న చదరం, మూలలు మాత్రం గుండ్రంగా తిప్పారు. ముందు ముఖం ఉత్తరానికి, లోయ వైపు. నడుమ ద్వారం, మెట్లు. ద్వారానికి రెండు పక్కలా జెండాకర్రల్లాంటి బొమ్మ చెక్కిన పొడుగాటి రాళ్లు. గోడ కట్టిన తీరు గమనించండి. మనిషికి రెట్టింపు ఎత్తుండే నిలువురాయి ఒకటి, దాని పక్కన ఒకదాని మీద ఒకటి పేర్చిన చిన్నరాళ్లు, మళ్లీ నిలువురాయి. నిలువురాళ్లలో ఎక్కువగా యోధులు. చిన్నరాళ్ల మీద తలలు, అవయవాలు. అంతా స్థానికంగా దొరికే గ్రానైట్. ఇనుము లేని కాలం, ఆ ఖండానికి ఇనుప పనిముట్లు స్పెయిన్‌వాళ్లతోనే వచ్చాయి. రాయిని రాతితోనే కొట్టి, అరగదీసి గీత తెచ్చారు. అందుకే మన హోయసల, కాకతీయ శిల్పంలా బొమ్మ రాతిలోంచి బయటికి ఉబికి రాదు. చదునైన బండ మీద గాడిలాంటి గీత, అంతే.

గీతకి అంతగా లోతు లేకపోవడంతో ఎండ ఎటు నుంచి పడుతుందన్నదాని మీదే చూపంతా ఆధారపడుతుంది. దారి తప్పి పదకొండున్నరకి చేరడం వల్ల తెలిసొచ్చిన సంగతిది. మార్చిలో ఆ వేళకు సూర్యుడు దాదాపు నెత్తి మీద ఉంటాడు. వెలుతురు గోడ పైనుంచి కిందికి జారుతుంది. అడ్డగీతలు మాత్రమే నీడ పట్టి కనిపిస్తాయి: నడుం పట్టీ, మూసిన కనురెప్ప, పళ్ల వరస. నిలువుగీతలు రాతిలో కలిసిపోతాయి. చేతికర్ర ఏది, ఒంటి అంచు ఏది అన్నది పోల్చుకోలేం. చాలామంది తెచ్చుకునే ఫోటోల్లో బూడిదరంగు బండలు తప్ప ఏమీ ఉండకపోవడానికి కారణమిదే.

అప్పుడు చేయగలిగింది పక్కగోడలు చూడటం. తూర్పు గోడ పదకొండున్నర దాకా బాగుంటుంది, పడమటి గోడ మీదికి ఎండ మధ్యాహ్నం తర్వాతే వస్తుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య దాకా అయితే మధ్యాహ్నం సూర్యుడు ఈ అక్షాంశానికి దక్షిణంగా ఉంటాడు. ఆ నెలల్లో ముందు ముఖం పట్టపగలు నీడలో ఉండిపోతుంది. ఫోటోల కోసమే వెళ్లేవాళ్లు ఏప్రిల్ నుంచి సెప్టెంబరు చూసుకోవాలి.

ఇంకో మాట, ఎటు నుంచి నడవాలో. అందరూ గేటు నుంచి వచ్చి ద్వారం ముందు నిలబడి మొదలుపెడతారు. యోధుల నడక మాత్రం వెనుక నుంచి. రెండు బారులుగా బయల్దేరి, గుడికి చెరో పక్కగా సాగి, ముందు ద్వారం దగ్గర ఎదురెదురుగా కలుస్తారు. అందుకని బాట ఎంతవరకు పోనిస్తే అంత వెనక్కి వెళ్లి, అక్కడి నుంచి వాళ్లతోపాటు అడుగేస్తూ ముందుకు రండి. ఊరేగింపు పక్కన నడుస్తున్నట్టే ఉంటుంది. కాళ్ల కింద, చేతుల పక్కన పరుచుకున్నవి అప్పుడే లెక్కకొస్తాయి.

యోధుడు ఎలా ఉంటాడంటే: పక్క నుంచి గీసిన బొమ్మ, నెత్తి మీద డబ్బా మూతలాంటి టోపీ, దాని వెనుక వేలాడే పట్టీ. మొహం మీద కంటి మీదుగా అడ్డంగా ఒక రంగు పట్టె. నడుముకి గోచీ, దాని కొస గాలికి ఎగిరినట్టు. చేతిలో గదో, గొడ్డలి కర్రో. చెప్పుల్లేవు. వేళ్ల చివర గోళ్లు ఒక్కొక్కటీ విడిగా చెక్కారు. ఒకణ్ణి చూస్తే అందర్నీ చూసినట్టే, అచ్చుపోసిన మనుషులు.

చచ్చినవాళ్లు అలా కాదు. తూర్పు వైపు ఒక నిలువురాయి దగ్గర అరగంట నిలబడితే తెలుస్తుంది. మనిషి నడుము దగ్గర తెగిపోయాడు. పై సగం వెనక్కి విరిగినట్టు వంగింది, తల వెనక్కి వాలింది, కన్ను ఉబ్బి బయటికి వచ్చింది, నోరు తెరుచుకుని పళ్లన్నీ కనిపిస్తున్నాయి. కడుపులోంచి పేగులు మూడు నాలుగు పాయలుగా, అలలు తిరుగుతూ కిందికి జారాయి. రెండు చేతులూ పొట్ట దగ్గరికి వచ్చి ఆగాయి. జారిపోయేదాన్ని పట్టుకోబోయినట్టు. గీసినవాడు ఇది ఊహించి గీయలేదు, చూసి గీశాడు. ఇంకో రాయి మీద వట్టి వెన్నుపూసలే, గొలుసులా. మరొకదాని మీద కళ్లు, మొహాలు లేకుండా కళ్లు మాత్రమే, పూసలు గుచ్చినట్టు వరసలుగా. ఒక పెద్ద రాయి నిండా తలలు, రెండు వరసల్లో కట్టెలు పేర్చినట్టు ఒకదాని మీద ఒకటి. చిన్నరాళ్లలో ఒక్కో తల: కొన్నిటి కళ్లు మూసి ఉన్నాయి, కొన్నిటి కళ్లలోంచి అలల గీతలు కారుతున్నాయి, జుట్టు వెనక్కి పోయింది.

దీని గురించి పండితుల మధ్య తగువు తెగలేదు. యుద్ధంలో గెలిచి కట్టుకున్న విజయస్తంభం లాంటిదని ఒకరు. బందీలను దేవుడికి బలిచ్చిన తంతు అని ఇంకొకరు. శరీరం లోపలి భాగాలు ఇంత విడివిడిగా ఉన్నాయి కాబట్టి వైద్యానికి సంబంధించిన పాఠమేమో అన్నవాళ్లూ ఉన్నారు. గోడ దగ్గర రెండు పూటలు గడిపాక మూడోది నమ్మబుద్ధి కాదు. ఆయుధం పట్టి ఊరేగే మనుషుల మధ్య వైద్యపాఠం ఎందుకుంటుంది? మొదటిదానికీ ఒక చిక్కుంది. ఇన్ని రాళ్లలో ఎక్కడా పోరు లేదు. ఎవరూ ఎవర్నీ కొట్టడం లేదు, తప్పించుకోవడం లేదు. చచ్చినవాళ్ల ఒంటి మీద బట్ట లేదు, చేతిలో ఆయుధం లేదు. పట్టుకొచ్చి, బట్టలూడదీసి, గుడి ముందు చంపినట్టే కనిపిస్తుంది. జరిగిపోయిన దాన్ని లెక్కపెట్టి చూపిస్తున్న గోడ ఇది.

తెలుగువాళ్లకి రాతిలో తెగిన తల కొత్త కాదు. శ్రీశైలంలో 14వ శతాబ్దంలో అనవేమారెడ్డి కట్టించిన వీరశిరోమండపం ఉంది, తన తల తానే కోసుకుని శివుడికి ఇచ్చే భక్తుల వీరగల్లులు తెలంగాణ, రాయలసీమ ఊళ్లలో ఇప్పటికీ పూజలందుకుంటున్నాయి. కానీ మన రాళ్లలో తల ఇచ్చినవాడే వీరుడు, రాయి అతని కోసమే నిలబెట్టారు. సెచిన్‌లో తల పోయినవాడికి పేరు లేదు, రాయి చంపినవాడి కోసం నిలిచింది. ఆ తేడా మనసులో పెట్టుకుని చూస్తే శిల్పి చేసిన పని ఇంకా వింతగా అనిపిస్తుంది. గెలిచినవాళ్లందరికీ ఒకే మొహం గీసి, తన శ్రద్ధంతా ఓడినవాళ్ల కళ్ల మీద, నోళ్ల మీద పెట్టాడు.

మ్యూజియం చిన్నదే, గంట చాలు. పెరూ పురావస్తు పరిశోధనకు ఆద్యుడనదగ్గ జర్మన్ పండితుడు మాక్స్ ఊలె పేరు పెట్టి 1984లో తెరిచారు. రాతపలకలు ఎక్కువ స్పానిష్‌లో ఉన్నాయి, ఫోన్‌లో అనువాదం యాప్ ముందే దించుకుని వెళ్లండి. అన్నిటికన్నా ముఖ్యం గుడి నమూనా. ఎందుకంటే అసలు గుడి లోపలికి పోనివ్వరు. మనం బయట చూసేది చివరి పొర మాత్రమే. లోపల అంతకన్నా పాతది మట్టి గుడి, శంకువు ఆకారంలో చేత్తో చేసిన పచ్చి ఇటుకలతో కట్టారు. దాని గదుల గోడల మీద రంగులేసిన పెద్దపులి జాతి మృగాలు, మట్టితో ఉబ్బెత్తుగా చేసిన చేపలు ఉన్నాయి. ఒక మట్టిగోడ మీద తలకిందులుగా పడిపోతున్న మనిషి, తలలోంచి నెత్తురు. అంటే రాతిగోడ లేవడానికి ముందే ఈ కథ ఇక్కడ మొదలైంది. పచ్చి ఇటుక వానకి ఆగదు. ఇక్కడ మామూలుగా వానే ఉండదు కాబట్టి నిలిచింది. ఎల్ నీన్యో వచ్చిన ఏడు కుండపోత పడితే మట్టి కరిగిపోతుంది. లోపలికి పోనివ్వకపోవడం న్యాయమే.

ఇదంతా బయటపడింది 1937 జూలై 1న, పెరూ పురావస్తువేత్త హూలియో సి. తెయ్యో చేతుల మీదుగా. వెనక కొండ నుంచి జారిన మట్టీ రాళ్లూ శతాబ్దాల తరబడి గోడను కప్పేశాయి, రాళ్లు పగలకుండా ఉన్నది అందుకే. తెయ్యో దీన్ని ఆండీస్‌లోని చావీన్ సంస్కృతికి కొమ్మ అనుకున్నాడు. తర్వాతి తవ్వకాలు, కాలనిర్ణయాలు అది తారుమారని తేల్చాయి. సెచిన్ రాళ్లే చావీన్ గుడి కన్నా ముందువి.

గేటు బయట ఒక పెద్దావిడ థర్మాకోల్ పెట్టెలో 'మార్సియానో' అమ్ముతోంది. సన్నటి ప్లాస్టిక్ గొట్టంలో గడ్డకట్టిన పండ్లరసం, మన బడి దగ్గర అమ్మే ప్యాకెట్ ఐసు లాంటిదే. ఒక సోల్. మరాకుయా పండుది తీసుకోండి, పుల్లగా ఉండి దాహం తీరుస్తుంది. ఆవిడ కొనేవాళ్లందర్నీ "కసేరితో" అని పిలుస్తుంది. రోజూ వచ్చే బేరగాడికి వాడే ముద్దుపేరది, మొదటిసారి వచ్చినవాడికీ ఇచ్చేస్తుంది.

సోమవారం: పప్పన్నం, సెచిన్ ఆల్తో

పెరూలో చాలా మ్యూజియంలకి సోమవారం సెలవు. కాస్మాకి ఒక్కరోజే కేటాయించేవాళ్లు ఆ రోజు సోమవారం కాకుండా చూసుకోండి.

తిండికి మాత్రం సోమవారం మనవాళ్లకి పండగే. ఆ రోజు మసూర్‌ పప్పు తింటే వారమంతా చేతిలో డబ్బాడుతుందని పెరూవాళ్ల నమ్మకం. ఏ పూటకూళ్ల హోటల్‌కి వెళ్లినా పప్పన్నం ఉంటుంది. మధ్యాహ్నం 'మెనూ' అంటే చారు, అన్నం కూర, ఒక గ్లాసు పానీయం, కలిపి పన్నెండు సోలెస్. పప్పులో మన పోపు ఉండదు. ఉల్లి, వెల్లుల్లి, జీలకర్ర తగులుతాయి. బల్ల మీద పెట్టిన ఆహీ మిరప పచ్చడి కలుపుకుంటే ముద్ద దిగుతుంది. శాకాహారులు "మాంసం వద్దు" అంటే చాలదు, కోడిని వాళ్లు మాంసంలో లెక్కెయ్యరు. "కోడి వద్దు, చేప వద్దు, మాంసం వద్దు" అని మూడూ విడివిడిగా చెప్పాలి. చారు ఎముకలతో కాచిందేనని అనుకోండి. పప్పన్నం, వేపిన గుడ్డు, అరటికాయ వేపుడు, ఉడికిన కర్రపెండలం, చిలగడదుంప నిశ్చింతగా దొరుకుతాయి. బల్ల మీదికి ముందుగా వచ్చే ఉప్పు వేసి వేపిన మొక్కజొన్న గింజలు ఉచితం.

మాంసం తినేవాళ్లు ఈ తీరంలో తినవలసింది బాతు సెవీచె. పేరు చూసి పచ్చిమాంసం అనుకోవద్దు. చేపల సెవీచెలా నిమ్మరసంలో నానబెట్టి పచ్చిగా పెట్టేది కాదు, పుల్ల నారింజ రసం, ఆహీ పట్టించి ఉడికించిన బాతు, పక్కన కర్రపెండలం. పాతిక సోలెస్ దాకా అవుతుంది. సాయంత్రానికి అయిపోతుంది, మధ్యాహ్నమే అడగాలి. మొక్కజొన్న మొలకెత్తించి పులియబెట్టిన చీచా దె హోరా కూడా ఇస్తారు. మన కల్లుకి దగ్గర రుచి, మత్తు తక్కువే గానీ అలవాటు లేని కడుపుకి ఒక గ్లాసు చాలు.

మార్చి అంటే ఇక్కడ మామిడి చివరి కోతలు. కెంట్ అనే రకం, పీచు లేదు, తీపి బాగుంది. మన బంగినపల్లి వాసన మాత్రం దానికి లేదు. మూడు పెద్ద కాయలు అయిదు సోలెస్.

సాయంత్రం సెచిన్ ఆల్తో వైపు. చేల మధ్య ఒక గుట్ట కనిపిస్తుంది, చూసినవాళ్లెవరైనా కొండే అనుకుంటారు. అది మనుషులు కట్టింది. అడుగున దాదాపు 300 మీటర్లు, 250 మీటర్లు, ఎత్తు పదంతస్తుల మేడకన్నా తక్కువ కాదు. తన కాలానికి రెండు అమెరికాల్లోనూ అంత పెద్ద కట్టడం అరుదు. పైన గుంతలే గుంతలు. దొంగతవ్వకాల గుర్తులవి. టికెట్ లేదు, బోర్డు లేదు, చుట్టూ పొలాలు. పొలం గట్టు మీద నడిచేముందు అక్కడ పనిచేస్తున్నవాళ్లని పలకరించి అడగండి, ఎవరూ కాదనరు. కొంచెం అవతల సెచిన్ బాహోలో నేలలోకి దింపి కట్టిన గుండ్రటి చావడి 5,500 ఏళ్ల నాటిదని 2008లో వెల్లడైంది. సింధులోయ నగరాలు వెలిసిన కాలానికి దాదాపు వెయ్యేళ్ల ముందు. చూడటానికి అక్కడ పెద్దగా ఏమీ లేదు. ఆ లెక్క తెలుసుకుని సెర్రో సెచిన్‌కి తిరిగి వెళ్తే చాలు: ఈ లోయలో గుళ్లు కట్టడం మొదలుపెట్టిన రెండువేల ఏళ్లకి గాని ఆ తలల గోడ లేవలేదు.

చాన్‌కీయో గురించి చాలామంది అడుగుతారు. గట్టు మీద వరసగా పదమూడు బురుజులు, వాటి మధ్య సూర్యోదయం జరుగుతూ ఏడాదంతా తేదీలు చెప్పే కొండ పంచాంగం, క్రీ.పూ. 250 ప్రాంతంది, 2021లో యునెస్కో జాబితాకెక్కింది. అక్కడికి ఆటోలో ఊరికే బయల్దేరవద్దు. మట్టిబాట, ఇసుకలో చక్రాలు దిగిపోతాయి, నీడ లేదు, నీళ్లు లేవు. పోనిస్తున్నారా లేదా అన్నది సెచిన్ మ్యూజియంలో అడిగి, దారి తెలిసిన మనిషితోనే వెళ్లాలి.

మంగళవారం: పొద్దున ఎనిమిదింటికి

ఇంకో ఆరు సోలెస్, అదే గోడ. ఆటో ఏడున్నరకే చెప్పి ఉంచాం, గేటు తీసేసరికి ఇంకెవరూ లేరు. ఈ నెలలో ఎనిమిదింటికి సూర్యుడు సరిగ్గా తూర్పున ఉంటాడు, ఉత్తరపు గోడను పక్క నుంచి ఒరుసుకుంటూ వెలుతురు పోతుంది. ఆదివారం కనపడని నిలువుగీతలన్నీ నల్లటి దారాల్లా లేచాయి. జెండాకర్రల అంచులు, యోధుల చేతికర్రలు, నెత్తురు ధారలు. ద్వారానికి పక్కనున్న చిన్నరాయి ఒకటి, మొన్న వట్టి బండ అనుకుని దాటేసింది, తల అని తెలిసింది. పడుచువాడి మొహం. కన్ను అర్ధచంద్రంలా మూసుకుంది. పెదవి కొద్దిగా విడింది. జుట్టు మూడు పాయలుగా వెనక్కి దువ్వినట్టు ఉంది, చెంప మీద గీత ఒకచోట జారి, పక్కనే మళ్లీ సరిచేసి గీసినట్టు రెండుగా కనిపిస్తుంది. మెడ ఉండవలసిన చోట నాలుగు అలలు.

చాలా రాళ్ల దగ్గర ఒక్కోదానికి అయిదు నిమిషాలు, అంతకు మించి అక్కర్లేదు. కానీ పొద్దున చూసిందాన్నే సాయంత్రం నాలుగున్నరకి పడమటి ఎండలో మళ్లీ చూడాలి, గీత రెండో అంచు అప్పుడు తెలుస్తుంది. ఒకే రోజు ఉన్నవాళ్లు ఎనిమిదికి వెళ్లి పదింటిదాకా ముందుగోడ, పదకొండున్నర దాకా తూర్పు, ఎండ ముదిరాక మ్యూజియం, రెండున్నర నుంచి పడమర, చివరికి మళ్లీ ముందుగోడ చూసుకుంటే సరిపోతుంది. మధ్యలో తిండి దొరకదు, కర్రపెండలం, గుడ్లు కట్టించుకుని వెళ్లండి.

తొమ్మిదిన్నరకి ఒక బడి పిల్లలు వచ్చారు, పదేళ్లవాళ్లు, నీలం చొక్కాలు. టీచరమ్మ యోధుణ్ణి చూపించి ఏదో చెబుతోంది. ఒక పిల్ల మాత్రం వరసలోంచి వెనక్కి తగ్గి ఆ పడుచువాడి తల ముందు నిలబడి, తన కళ్లు మూసుకుని, పెదవి కాస్త విడదీసి, అలాగే ఉండి చూసింది. స్నేహితురాలు చెయ్యి పట్టి లాగేదాకా.